మొదటి ఏడాది నీళ్లు

గోదారొడ్డు తెప్పలపేటలో పొద్దున నల్లా వస్తే మొదటి చెంబు ఎవరూ తాగరు, వాసన చూస్తరు. ఏ రోజు ఏ ఏడాది నీళ్లొస్తయో నల్లాకే ఎరుక. "ఇయ్యాల టేకు తెప్పల ఏడాది!" అని కేక పడితే వీధంతా చాయ్ పెట్టుకుంటది. కలరా గత్తర ఏడాదైతే బకెట్లన్నీ మోరీ పాలు. ఊరి పుట్టినరోజున వచ్చేవి మొదటి ఏడాది నీళ్లు. ఆ రోజు ముక్కుకు కొంగు కట్టుకొని హోటల్ ఇడ్లీలతోనే పూట గడుపుతరు.

కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన మున్సిపల్ ఇంజనీర్ అతియాకు నల్లా రెండు నెలల్లోనే అలవాటైంది. అలవాటు కానిది కౌన్సిలర్ లింగారావు నోరు.

"మా తాత తెప్పలేసుకొని వచ్చేనాటికి ఇక్కడ అడవి, పందులు. గా తోళ్లవాడ కంపంతా తర్వాతనే వచ్చింది. ఆక్రమణ అని రాయి మేడం, కూలగొట్టి పార్కు కడదాం," అంటూ ఆమె బల్ల మీద జర్దా తుంపర్లు చల్లేటోడు. అవి తుడుచుడు ఆమెకు రోత. అంతకన్న రోత, సంతకానికి పెన్ను మూత తీసిన తన చెయ్యి.

తోళ్లవాడకు పోయి అతియా అక్కడి పెద్దామె బాలవ్వను అడిగింది: "అవ్వా, కాయితమేమన్న ఉందా?"

"కాయితమెక్కడిది బిడ్డా? జాగ తగాదొస్తే పెద్దలు నల్లానే అడుగుతుండిరి. ఎవరి వాసనొస్తే వాళ్లదే జాగ."

"మరి మీరెందుకు అడగలే?"

"మా వాసనొస్తే ముక్కు మూసుకునేటోళ్లే గద అందరు!"

సంగతి విని లింగారావు తొడగొట్టిండు. "పుట్టినరోజు నాడు మైకు ముందర నల్లానే అడుగుదాం!" పాపం, మూడు తరాలుగా వాళ్లింట్ల సొంత బావి నీళ్లే. నల్లా ఏం చెప్తదో ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప. చెప్పి తిట్లు తినేదెవరు?

స్టేజీ మీద వెండి గ్లాసు నింపిండ్రు. ఫొటోల కోసం లింగారావు ఒక్కసారే నోట్ల పోసుకున్నడు. సున్నం, తంగేడు చెక్క, నానిన బర్రె తోలు. వెయ్యిమంది ముందర ఉమ్మలేడు, మింగలేడు. కొంత ముక్కులకెల్లి కారింది.

"మింగు కొడుకా," ముందు వరుసలోంచి బాలవ్వ అన్నది. "మా ముత్తవ్వ తోళ్లు నానేసిన గోలెం నీళ్లవి. మీ తాత చెప్పుల తోలు గూడ అండ్లనే నానింది."

మింగిండు.

అతియా స్టేజీ మెట్ల మీదనే రాసింది: 'ఆక్రమణ కాదు. ఊరికి మొదటి ఇండ్లు ఇవే. సాక్షి: నల్లా.' పై ఆఫీసు మారు మాట్లాడకుండ ముద్ర కొట్టింది. వారం తిరక్కుండ ఆమెకు ఉట్నూర్ బదిలీ కాయితం గూడ పంపింది.

పోయే పొద్దున, కూల్చడానికి గోడల మీద వేసిన ఎర్ర గుర్తుల మీద బాలవ్వ సున్నం కొడుతున్నది. అతియా చున్నీ నడుముకు చుట్టి ఇంకో కుంచె అందుకుంది. సందు మొగదల ఆమెను తీసుకపోయే జీపు హారన్ కొడుతనే ఉంది.