వరుసలో నిలబడ్డ నీలం బిందె

నీలం రంగు ప్లాస్టిక్ బిందెను నేను. రెండు పాత చీరలు ఇచ్చి, బండివాడితో గీచి గీచి బేరమాడి నర్సవ్వ నన్ను ఇంటికి తెచ్చుకుంది. ఆ బస్తీలో నీళ్ల ట్యాంకరు కోసం మనుషులు నిలబడరు, బిందెలే నిలబడతాయి. వాళ్లు ఇంట్లో వంట చేసుకుంటుంటే వాళ్ల తరఫున ఎండలో కాపలా మాది. నన్ను జానెడు వెనక్కి జరిపితే నర్సవ్వ గొంతుకు వీధి అదిరిపోయేది. మనిషిని తోసినా ఊరుకుంటారు గానీ, బిందెను జరిపితే ఊరుకోరు.

ఒకనాడు ఆ తోపులాటలోనే నా అడుగు పగిలింది. ప్లాస్టిక్ అంతా ఒకటే జాతి అనుకున్న నర్సవ్వ, నీళ్ల పైపు ముక్కొకటి కాల్చి చిల్లుకు అదిమింది. అతుకు నిలిచింది గానీ నీళ్లు నిలవలేదు. చివరికి నన్ను చెత్తబండి ఎక్కించింది. బాధ కలగలేదంటే అబద్ధమే.

బండి నన్ను ఊరి చివర, ప్లాస్టిక్ నుంచి నూనె తీసే కార్ఖానాలో దింపింది. అక్కడ గాలి చొరకుండా మూసిన పెద్ద డ్రమ్ములో మమ్మల్ని కాలనివ్వకుండా కరిగించి ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి ఉత్ప్రేరకం అనే మందు గింజల మీదుగా పోయి, చల్లారి నూనె అవుతుంది. నీళ్ల పైపుల ప్లాస్టిక్ వేరే జాతి. వాటి ముక్కలు కలిస్తే మాత్రం యాసిడ్ పుట్టి ఆ గింజల్ని పాడుచేస్తుంది. ఒకసారి అలాగే జరిగి పని ఆగిపోయింది.

"ఇంకోసారి గిట్లయితే కార్ఖానకు తాళమే. మీ కొలువులు గూడ పోతయ్," అని మేనేజరు జలంధర్, కుప్పలోంచి పైపు ముక్కలు ఏరేవాళ్లకు చెప్పే ఉన్నాడు. ఆ ఏరేవాళ్లలో కొత్తగా కుదిరింది మా నర్సవ్వే.

కుప్పలో నన్ను చూడగానే ఆమె మొహం విప్పారింది. ప్రతి వస్తువునూ తిప్పి తిప్పి చూసే మనిషి నన్ను మాత్రం తిప్పలేదు.

"ఇది నా బిందెనే. దీన్నేం జూసుడు," అని పక్కనున్న బాలమణితో అంటూ, ముక్కలు చేసే మిషనులోకి కదిలే పట్టా మీద పెట్టేసింది. నా అడుగున ఆమె వేసిన అతుకు అలాగే ఉంది. నాకు నోరుంది గానీ మాట లేదు.

పట్టా సగం దూరం కదిలాక ఆమెకు ఆ అతుకు గుర్తొచ్చింది.

"బాలమణీ, మిషిన్ బంద్ జెయ్యి. దానికి పైపు ముక్క పెట్టింది నేనే."

మిషను ఆగింది. నర్సవ్వ నన్ను లాగి, అతుకును చుట్టూ కోసి పక్కన పడేసింది. అరచేతంత అడుగు పోయింది నాకు. తర్వాత నన్ను మళ్లీ పట్టా మీద పెట్టింది.

ఇప్పుడు నేను నూనెను. ట్యాంకరు రాని రోజున బస్తీలో బోరు ఇంజను నడపడానికి నన్ను పోశారు. బయట బిందెల వరుస ఉంది. నర్సవ్వ కొత్త ఎర్ర బిందె పెట్టి పనికి పోయింది. ఎవరో దాన్ని జానెడు వెనక్కి జరిపారు. అరిచేందుకు ఆమె అక్కడ లేదు. ఆ ఎర్ర బిందె వంతు వచ్చేదాకా ఆరిపోకుండా మండడమే నా పని.