నక్షత్రానికి అంటగట్టిన గ్యాస్

ప్రొఫెసర్ సుదర్శన్ రావుకు నమ్మకం ముందు పుడుతుంది. సాక్ష్యం తర్వాత, వీలును బట్టి వస్తుంది. పంతొమ్మిది వందల తొంభై ఆరు చలికాలంలో ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న నిరోష, ఒక కుర్ర నక్షత్రం వెలుగును టెలిస్కోప్‌తో పట్టి తెచ్చింది. ఆ నక్షత్రం చుట్టూ ధూళి పళ్లెంలా పరుచుకుని తిరుగుతోందని లోకానికి ముందే తెలుసు. ఆ ధూళిలో గ్యాస్ కూడా ఉందా అన్నదే నిరోష పరిశోధన. గ్యాస్ ఉంటే నక్షత్రపు వెలుగును కొంత మింగుతుంది. వెలుగును రంగులుగా విడదీస్తే, ఆ గ్యాస్‌లోని కాల్షియం మింగిన చోట సన్నటి నల్లగీత పడుతుంది.

గీత పడింది.

"దొరికింది బిడ్డా" అన్నాడు సుదర్శన్ రావు. కాగితం ఇంకా ప్రింటర్‌లోంచి పూర్తిగా బయటికి రాలేదు.

వారం తిరక్కుండానే, గ్రహాలు పుట్టే గ్యాస్‌ను కనిపెట్టిన మహనీయుడిగా ఆయన ఫొటో పేపర్లో వచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో సన్మాన సభ ఖాయమైంది. బెంగళూరు నుంచి ఒక పెద్ద శాస్త్రవేత్తను ముఖ్య అతిథిగా పిలిచారు. తార్నాకలో నిరోష అద్దెకుంటున్న ఇంటి ఓనరు సమ్మక్క సిలిండర్ బుక్ చేసి అప్పటికి నెలలు గడిచాయి. ఆమె పేపర్ మడుస్తూ, "గంత దూరంల గ్యాస్ దొరకవట్టిన్రు, మా ఏజెన్సోళ్లకు గూడ ఓ మాట చెప్పరాదమ్మా మీ సారు" అంది.

నిరోషకు నవ్వు రాలేదు. ఆ గీత ఆమెకు నచ్చలేదు. నక్షత్రం చుట్టూ తిరిగే గ్యాస్‌దైతే గీత కాస్తయినా మారాలి. ఇది మరీ బుద్ధిగా, ఎన్నిసార్లు చూసినా ఒకే తీరుగా ఉంది. అనుమానం తీరక, ఆకాశంలో దాని పక్కనే, ఇంచుమించు అంతే దూరంలో ఉన్న మరో నక్షత్రాన్ని చూసింది. దాని చుట్టూ చిటికెడు ధూళి లేదు. గీత మాత్రం ఉంది. అదే గీత, అదే చోట.

గైడ్‌తో పెట్టుకున్నవాళ్లకు పీహెచ్‌డీ, పెన్షన్ ఒకేసారి వస్తాయని క్యాంపస్‌లో ఓ మాట ఉండేది. ఆ మాట తలుచుకుంటూనే నిరోష విద్యానగర్‌లో ఆయన ఇంటికి వెళ్లింది.

"సార్, పక్కదాంట్ల గూడ గదే గీత ఉన్నది. గ్యాస్ మన నక్షత్రానిది గాదు. మనకు, వాటికి నడుమల ఏదో గ్యాస్ మబ్బు అడ్డమున్నట్టున్నది."

సుదర్శన్ రావు కళ్లు మూసుకుని ఆలోచించాడు. మెల్లగా ముఖం వెలిగింది.

"అంటే రెండో నక్షత్రానికి గూడ గ్యాస్ ఉన్నట్టే గద. డబుల్ డిస్కవరీ."

"దానికి పళ్లెమే లేదు సార్."

"దేవులాడితే దొరుకుతది బిడ్డా. ముందుగాల సన్మానం కానీ."

సన్మానం అయింది. శాలువా కప్పారు, దండ వేశారు. ఒక వక్త సుదర్శన్ రావును సూర్యుడితో పోల్చాడు. సూర్యుడు ఓ మామూలు నక్షత్రమని పాఠం చెప్పే ఆ విభాగంలో ఎవరూ నొచ్చుకోలేదు. చివర్లో ఆ గీతను అతిథికి చూపించమని నిరోషను పిలిచారు.

ఆమె ప్రొజెక్టర్ మీద ఒక పారదర్శక షీటు పెట్టింది. తెర మీద గీత కనిపించింది. దాని మీద రెండో షీటు పెట్టింది. గీత మీద గీత అతుక్కుపోయింది.

"రెండోది ఏది?" అని అతిథి ముందుకు వంగాడు.

"పక్క నక్షత్రం సార్. ధూళి పళ్లెం లేనిది."

"మరి గ్యాస్ ఎక్కడున్నట్టు?"

"దారిలో సార్."

సుదర్శన్ రావు లేచి శాలువా సర్దుకున్నాడు.

"ఎగ్జాక్ట్‌లీ. తొందరపడొద్దని మొదటిసంది మొత్తుకుంటున్న. అందుకే పక్క నక్షత్రం గూడ చూడమని ఈ అమ్మాయికి చెప్పిన."

చప్పట్లు ఇందాకటికంటే గట్టిగా మోగాయి. ఇలాంటి గైడ్ దొరకడం అదృష్టమని అతిథి నిరోషతో అన్నాడు. నిరోషకు ఒళ్లు మండింది. సమోసాల దగ్గర అతిథి పక్కన ఉండగానే అడిగేసింది.

"సార్, పక్కది చూడమని మీరెప్పుడు చెప్పిన్రు?"

"చెప్పలేదా? మనసుల అనుకున్న బిడ్డా. గురువు అనుకుంటే చెప్పినట్టే."

"అయితే జర్నల్‌కు పంపేటప్పుడు నా పేరు ముందు పెట్టున్రి సార్. గీ మాట నేను గూడ అనుకున్న. చూసింది గూడ నేనే."

అతిథి నవ్వి, "న్యాయమే కదా" అన్నాడు. సుదర్శన్ రావు నోట్లో సమోసా ఉంది. తల మాత్రం ఊపాడు.

మర్నాడు పేపర్లో, నక్షత్రం చుట్టూ గ్యాస్ ఉందన్న అపోహను పటాపంచలు చేసిన ప్రొఫెసర్‌గా మళ్లీ ఆయన ఫొటోనే పడింది. ఆ అపోహ ఎవరిదో రాయలేదు. పరిశోధనలో విద్యార్థిని నిరాశ సహకరించారని చివర్లో ఉంది.

"నిరాశ అని రాసిన్రేందమ్మా?" అంది సమ్మక్క.

"అచ్చుతప్పు అక్కా" అంది నిరోష. ఈసారి నవ్వొచ్చింది.

జర్నల్లో ఆమె పేరు ముందే వచ్చింది, అక్షరం తప్పు లేకుండా. ఇక ఆ మబ్బు ఎంత దూరంలో ఉందో తేల్చాలి. మళ్లీ టెలిస్కోప్ కావాలని దరఖాస్తు రాసి తీసుకెళ్తే, సుదర్శన్ రావు చదవకుండానే సంతకం పెట్టాడు.

"మంచిగ చూడు బిడ్డా" అన్నాడు. "ఎంతైనా మనం కనిపెట్టిన మబ్బు."