మూడో పిలుపు

స్పీకరు కిందే నిలబడ్డ మనిషిని "రాలేదు" అని రాసేశారు.

అతడు బోర్డులు రాసే పెయింటరు. పుట్టు చెవుడు. ఇంటర్వ్యూ నంబరు పదిహేడు. ఉతికిన చొక్కా తొడుక్కుని, ఫైలు గుండెకు హత్తుకుని, ఆ పెద్దాఫీసు మెట్ల దగ్గర నిలబడ్డాడు. నెత్తిమీద స్పీకరు "పదిహేడూ!" అని మూడుసార్లు చించుకుంది. అతడు కిటికీలో పావురాలను చూస్తున్నాడు. మూడో పిలుపుకు పైకి వచ్చి పలక్కపోతే గైర్హాజరు. అదీ రూలు.

వికలాంగులకు కేటాయించిన పద్నాలుగు ఉద్యోగాలవి. చెవిటివాణ్ణి స్పీకర్లో పిలవడం ఆ ఆఫీసు తెలివి. కాళ్లు రానివాళ్లకు మూడో అంతస్తులో ఇంటర్వ్యూ పెట్టడం అంతకు రెండంతస్తులు పైతెలివి. లిఫ్టుకు నాలుగేళ్లుగా "మరమ్మతులో ఉంది" అని బోర్డు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, ఎందుకంటే ఆ బోర్డు రాసింది మన పదిహేడో నంబరే. ఏటా ఇదే తంతు. ఏటా సాయంత్రానికి ఒకటే వాక్యం: "తగిన అభ్యర్థులు హాజరు కాలేదు." మరుసటి నెలకల్లా ఆ కుర్చీల్లో ఎవరెవరి బామ్మర్దులో హాజరు.

ఆ పిలిచిన గొంతు ఆపరేటర్‌ది. మెట్ల పక్క గదిలో, టెలిఫోను బోర్డు ముందు, పదకొండేళ్లుగా టెంపరరీ. చూపు లేదు. ఫోనెత్తి దగ్గితే చాలు, ఏ సెక్షనో చెప్పేస్తాడు. ఆ పద్నాలుగింటిలో అతని కుర్చీ కూడా ఉంది. అతనిది నలభై ఒకటో నంబరు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. పొద్దున భార్య చొక్కా గుండీలు సరిచేస్తూ, "ఈసారైనా పర్మనెంటుగా రండి" అంది.

సూపరింటెండెంటు పొద్దున్నే వచ్చి భుజం తట్టాడు.

"చూడవయ్యా, నీకు కాళ్లున్నాయి, ఎక్కుతావు. మిగతావాళ్లను మూడేసిసార్లు పిలిచేసి, ఆఖర్న నువ్వు పైకి రా. కుర్చీ నీదే అనుకో."

"అనుకుంటూనే పదకొండేళ్లయింది సార్."

"కుర్చీ నీదే" అన్న మాట చెవిలో ఉండగానే పదిహేడును పిలిచాడు. అప్పుడే గదిలోకి చక్రాల కుర్చీ దూసుకొచ్చింది. పద్దెనిమిదో నంబరు, దర్జీ అక్క.

"ఎవర్ని పిలిచావన్నా? ఆ మనిషి నీ తలుపుకు ఆనుకునే ఉన్నాడు. ఇదిగో, పట్టుకు చూడు!"

పెయింటరు చెయ్యి అతని చేతిలో పడింది. గోళ్లలో రంగు గట్టిపడి ఉంది. ఆ చూపుడువేలు అరచేతిలో ఒకటి గీసింది, ఏడు గీసింది. చూపు పోకముందు దిద్దిన అంకెలు అరచేతికి ఇంకా గుర్తున్నాయి. ఆపరేటరు ఆ అరచేతిని మూసుకున్నాడు.

"ఇప్పుడు నన్ను పిలు," అంది అక్క. "ఇక్కడున్నానని అరుస్తాను. పైకి వినపడదు. కాళ్లకే అనుకున్నా, గొంతుక్కూడా మెట్లు కట్టారు."

చంకకర్రల మాస్టారు గుమ్మంలోంచి అందుకున్నాడు. "పోనీలేవమ్మా. పిలిచెయ్ ఆపరేటరూ. నువ్వొక్కడివైనా బాగుపడు."

"ఒక్కడు బాగుపడితే మిగతావాళ్లం బాగా పడతాం మాస్టారూ!" అంది అక్క.

జనం నవ్వారు. ఆపరేటరు నవ్వలేదు. మైకు నొక్కాడు.

"పద్దెనిమిదీ... పద్దెనిమిదీ..."

ఆపేశాడు. పైనుంచి సూపరింటెండెంటు ఫోను మోగింది.

"మూడోది ఏదయ్యా?"

"లేదు సార్. మూడు పిలుపులైతేనే గైర్హాజరు రాయాలి. రెండే అయ్యాయి. ఎవరికీ మూడోది పిలవను. మీరే దిగి రండి, ఇంటర్వ్యూ కిందే."

"నీ ఉద్యోగం..."

"ఏ ఉద్యోగం సార్? మీరింకా ఇవ్వలేదుగా!"

"నేనే వచ్చి పిలుస్తా!"

ఆ మాట అక్క చెవిన పడింది. "మెట్లెక్కండర్రా!" అంది. కర్రలు పక్కన పడ్డాయి. చేతులు ఊని ఒకరు, పిరుదుల మీద జరుగుతూ ఒకరు, మాస్టారు ఇంకొకరి భుజం పట్టి, మెట్టుకొకరు చొప్పున రెండో అంతస్తు దాకా కూర్చున్నారు. పెయింటరు లిఫ్టు బోర్డు ఊడదీసి, వెనక్కి తిప్పి "ఇంటర్వ్యూ ఇక్కడ" అని రాసి కింద నిలబెట్టాడు.

సూపరింటెండెంటు దిగుతూ వచ్చి ఆగిపోయాడు.

"దారివ్వండి! తొక్కుకుంటూ వెళ్తాను!"

"కాలెయ్యండి సార్," అన్నాడు మాస్టారు. "మాకు కాళ్ల కొరతే."

కింది నుంచి అక్క కేక వేసింది. "మేం ఎక్కలేమన్నారుగా, ఎక్కాం. ఇక మీరో మెట్టు దిగండి!"

అప్పుడు స్పీకరు మోగింది. "సూపరింటెండెంటు గారూ!" ఆఫీసంతా తలెత్తింది. "సూపరింటెండెంటు గారూ!" గుమాస్తాలు కలాలు దించి తలుపుల్లోకి వచ్చారు. "సూపరింటెండెంటు గారూ! మూడో పిలుపు. ఇంటర్వ్యూకు ఆఫీసు గైర్హాజరు!"

మెట్లు మెట్లే ఫెళ్లున నవ్వాయి. గుమాస్తాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు.

పోలీసులు వచ్చారు. మెట్ల మీదివాళ్లను ఎలా ఎత్తాలో తెలియక, నడవగలిగినవాణ్ణి పట్టుకెళ్లారు. "విధులకు ఆటంకం" అన్నారు. "విధి నాదేగా బాబూ, ఆపిందీ నేనే," అన్నాడు ఆపరేటరు జీపెక్కుతూ. ఖాళీ అయిన గదిలోకి మరొకణ్ణి తెచ్చి కూర్చోబెట్టబోయారు. బోర్డు ముందు అప్పటికే అక్క ఉంది.

"లే ఆ కుర్చీలోంచి!"

"ఇది మీరిచ్చింది కాదు. నా కుర్చీ నేనే తెచ్చుకున్నా."

జీపు గేటు దాటుతుండగా స్పీకరు గొంతు వీధిలోకి వచ్చింది.

"ఒకటీ!"

"హాజర్!" మెట్ల మీంచి.

"పదిహేడూ!" అక్క చెయ్యెత్తి చూపింది కాబోలు, లిఫ్టు తలుపు మీద అరచేత్తో దబదబా బాదిన చప్పుడు.

వరుసగా నలభై దాకా వెళ్లింది. జీపు మలుపు దగ్గర రద్దీలో ఆగిపోయి ఉంది.

"నలభై ఒకటీ!"

పోలీసు అతని నోరు మూయబోయాడు. బేడీలు చేతులకే, గొంతుకు కాదు.

"హాజర్!" అన్నాడు ఆపరేటరు. ఈసారి ఒక్క పిలుపే చాలింది.