కొండ చుట్టూ తిరిగే దారి

"ఉర్సీనా, నా సీసాలో చక్కెర ఎక్కువ వేయకు. నిన్న టీ తాగినట్టు లేదు, పాకం తాగినట్టుంది."

మామగారు గౌడెంజ్ పటం మీంచి తల ఎత్తకుండానే అన్నాడు. ఉర్సీనా గరిటెతో ఐదో సీసా నింపుతోంది. కొండ విడిదిలో ఉదయం ఆరున్నర. ఆమె లేచి గంటన్నర అయింది. ఈలోగా ఆరబెట్టిన మేజోళ్ళు ఎవరివి వాళ్ళకి జత చేసింది, మూడేళ్ళ కూతురు మడ్లైనాకి జడ వేసింది, పది రొట్టె ముక్కలకి వెన్న రాసి చీజు పెట్టి కాగితంలో చుట్టింది, అత్తగారి మాత్రలు లెక్క చూసింది. భర్త రెటో తన చలువ కళ్ళద్దాల కోసం మూడుసార్లు సంచి తిరగేసి, చివరికి ఆమెనే అడిగాడు. అవి అతని తల మీదే ఉన్నాయి. ఆమె కాఫీ తాగిందా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఉలిక్కిపడేది.

ఏటా జూలైలో వారం రోజులు ఇదే తంతు. తూర్పు సరిహద్దు సరస్సు నుంచి జెనీవా దాకా దేశాన్ని ముక్కలు ముక్కలుగా దాటాలని గౌడెంజ్ సంకల్పం. కొంత రైలు, కొంత బస్సు, కొండ అడ్డొచ్చినచోట కాళ్ళు. ఒకప్పుడు కొడుకుతో దాటాడు, ఇప్పుడు మనవడితో రెండోసారి. ఇంట్లో అందరూ దాన్ని నాన్న యాత్ర అంటారు. జనవరిలోనే విడిదుల్లో పడకలు దొరకబుచ్చుకునేది, రైలు మారడానికి నాలుగే నిమిషాలున్నచోట పిల్లబండిని ఏ పెట్టెలోంచి దించితే మెట్లు తప్పుతాయో చూసుకునేది ఉర్సీనా. యాత్ర మాత్రం నాన్నది. అందులో ఒక నియమం ఉంది. మగవాళ్ళు కొండ దాటుతారు, ఆడవాళ్ళు సామాన్లతో కొండ చుట్టూ తిరిగి వస్తారు. రెండు బస్సులు, ఒక రైలు, ఐదు గంటలు. మగవాళ్ళు అవతల దిగేసరికి వేడి సూపు సిద్ధంగా ఉండాలి. పెళ్ళయిన కొత్తలో తనూ కనుమ ఎక్కుతానంది. "నువ్వూ ఎక్కితే సంచులెవరు తెస్తారమ్మా, మేకలా?" అన్నాడు గౌడెంజ్. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

ఈ ఏడు ఆమె కొడుకు ఫ్లూరిన్‌కి ఆరు నిండాయి. ఆ ఇంట్లో మగపిల్లవాడు ఆరేళ్ళకి ఈ విడిది పైనున్న కనుమ దాటాలి. పైన రాళ్ళ కుప్ప మీద ఒక రాయి పెట్టాలి. అప్పుడు తాత చేతుల మీదుగా, పేరు చెక్కిన మడత కత్తి అందుతుంది. ఆ కత్తి గౌడెంజ్ జేబులో తయారుగా ఉంది. పిల్లవాడు నెల రోజులుగా నిద్రలో కూడా దాన్నే కలవరిస్తున్నాడు.

విడిది నడిపే వ్రేని రొట్టెల బుట్ట బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"పెద్దాయనా, ఇవాళ కనుమ మీదుగా వద్దు. అవతలి వైపు మంచు పట్టీని అడుగున నీళ్ళు తొలిచేశాయి. పైకి గట్టిగానే కనబడుతుంది. మొన్న ఇద్దరు నడుం దాకా దిగబడ్డారు. దానికితోడు రెండింటికల్లా ఉరుములంటున్నారు. తెల్లారగట్ట వేడి గాలి కొట్టింది, మీరూ చూశారుగా."

"నువ్వు పుట్టకముందు నుంచీ ఆ మంచు నాకు తెలుసు వ్రేనీ. నేనూ దానికి తెలుసు."

"మంచుకి మొహాలు గుర్తుండవు పెద్దాయనా," అని ఆమె వంటగదిలోకి వెళ్ళిపోయింది.

గౌడెంజ్ నవ్వి పటం మడిచాడు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

"మామయ్యా, వ్రేని రోజూ చూసే మనిషి కదా," అంది ఉర్సీనా.

"నువ్వు రోజూ ఫోన్లో వినే మనిషివి. అందుకే నీకు ఎటు చూసినా శవాలే," అన్నాడాయన, రొట్టెకి వెన్న పట్టిస్తూ. "ఆఫీసు ఆఫీసులో వదిలేసి రావాలమ్మా."

ఉర్సీనా చేసేది ఆపదలో ఉన్నవాళ్ళ ఫోన్లు అందుకునే పని. అత్తవారింట్లో దాన్ని ఫోన్లు ఎత్తే పని అంటారు. పిల్లలు పుట్టాక వారానికి మూడు రోజులకి తగ్గించుకుంది. రెటోవి ఐదు రోజులూ అలాగే ఉన్నాయి. ఎవరి రోజులు తగ్గాలన్న మాట ఆ ఇంట్లో చర్చకైనా రాలేదు, గాలి వీచినంత మామూలుగా జరిగిపోయింది. ఆ మూడు రోజుల్లో ఆమె విన్నవి ఇంట్లో ఎవరికీ చెప్పదు. కొండ మీంచి వచ్చే ఫోన్లలో ముందు గాలి హోరు వినిపిస్తుంది. కేకలు పెట్టేవాళ్ళంటే ఆమెకి భయం లేదు, వాళ్ళకి ఇంకా ఊపిరి ఉన్నట్టు లెక్క. "క్షమించండి, ఇబ్బంది పెడుతున్నాను" అని నెమ్మదిగా, మర్యాదగా మొదలుపెట్టేవాళ్ళు వేరు. అలాంటి గొంతు విన్నప్పుడు ఆమె వేళ్ళు చల్లబడతాయి. ఈ ఉదయం టీ సీసాలు వేడిగా ఉన్నాయి. అయినా వేళ్ళు చల్లగానే ఉన్నాయి.

బల్ల కింద ఫ్లూరిన్ ఆమె చొక్కా అంచు లాగాడు.

"అమ్మా, నిన్న జారానే, ఆ కాలు నొప్పెడుతోంది. తాతయ్యకి చెప్పకు."

మేజోడు కిందికి జరిపి చూసింది. చీలమండ ఉబ్బి, చర్మం మెరుస్తోంది.

"చెబితే ఏమవుతుంది నాన్నా?"

"ఏడిస్తే కత్తి మడ్లైనాకి ఇచ్చేస్తానన్నాడు." వాడు మేజోడు మళ్ళీ పైకి లాక్కున్నాడు. "ఆడపిల్లకి!"

ఆరేళ్ళకే వీడికి ఇది ఎవరు నేర్పారని ఆమె వెతుక్కోలేదు. నేర్పినవాళ్ళంతా ఆ బల్ల చుట్టూనే కూర్చుని ఉన్నారు, తనతో సహా.

బూట్ల గదిలో రెటో తాడు చుడుతున్నాడు. ఆమె తలుపు మూసింది.

పెళ్ళయిన మొదటి ఏడాది ఒకసారి అడిగింది, నాలుగో అంతస్తు బాల్కనీలోకి ఎందుకు అడుగు పెట్టవని. ఆ రోజు అతను ఏడుస్తూ చెప్పాడు. ఆరేళ్ళప్పుడు అతని కింద మంచు విరిగింది. నాన్న నడుముకి కట్టిన తాడుకి వేలాడాడు. కాళ్ళ కింద చీకటి, ఆ చీకట్లో నీళ్ళ చప్పుడు. ఎంతసేపో తెలియదు. పైకి లాగాక నాన్న, "చూశావా, ఏం కాలేదు" అని కత్తి చేతిలో పెట్టాడు. లాగు అప్పటికే మంచుకి తడిసి ఉండడంతో, భయానికి అందులోనే పోసుకున్న సంగతి ఆయనకి తెలియలేదు. ఆ తర్వాత రెటో ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. అతని పరువు కాపాడుతున్నాననుకుంది.

"వాడి కాలు వాచింది రెటో."

"నెమ్మదిగా నడుస్తాం."

"వ్రేని చెప్పింది విన్నావా?"

"విన్నాను."

"నీకు వెళ్ళాలని ఉందా?"

అతను తాడు చుట్టడం ఆపలేదు. చుట్ట వదులుగా వస్తే విప్పి మళ్ళీ చుట్టాడు.

"నాన్నకి డెబ్బై ఒకటి, ఉర్సీ. నెల రోజుల నుంచి ఎదురుచూస్తున్నాడు. ఆయనకి నేనేం చెప్పను?"

"నాకు చెప్పింది చెప్పు."

"అది ఆయనకి చెప్పేదేనా?" అన్నాడు.

ఆమెకి జాలేసింది. జాలి వెనకే కోపం వచ్చింది, పదేళ్ళ సంసారంలో ఎప్పుడూ రానంత కోపం. ఆఫీసులో అరవై మందికి పని చెప్పే మనిషి, తను చావబోయిన చోటికి తన కొడుకుని నడిపించుకు వెళ్తాడు గానీ, కన్నతండ్రితో భయమేస్తోందని ఒక్క మాట అనలేడు. ఇన్నాళ్ళూ అతను నోరు మెదపని మంచివాడని అనుకుంది. మంచితనం వేరు, నోరు మెదపకపోవడం వేరు. ఆ రెంటినీ కలిపి చూసుకుని ఎన్ని ఏళ్ళు సరిపెట్టుకుందో ఆ ఇరుకు గదిలో, తడి తోలు వాసనలో ఆమెకి ఒక్కసారిగా తెలిసొచ్చింది.

మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చేసరికి కత్తి బల్ల మీద ఉంది. ఎర్రగా, కొత్తగా మెరుస్తోంది. ఫ్లూరిన్ రెప్ప వేయడం లేదు.

"మామయ్యా, వాడి కాలు వాచింది. వాణ్ణి నాతో తీసుకుపోతాను."

"వాడినే అడుగుదాం. ఏరా ఫ్లూరిన్, మగాడిలా కొండెక్కుతావా, బస్సులో ముసలమ్మల పక్కన కూర్చుంటావా?"

ముసలమ్మ, అంటే అత్తగారు మెంగియా, చేతిరుమాలు మడుస్తూ తల దించుకునే ఉంది.

"కొండే," అన్నాడు ఫ్లూరిన్.

"విన్నావుగా?"

"వాడికి ఆరేళ్ళు మామయ్యా. వాణ్ణి కాదు, నన్ను అడగండి. వాడు రాడు."

పక్క బల్లల దగ్గర చెంచాల చప్పుడు ఆగింది. గౌడెంజ్ నవ్వడానికి చూశాడు.

"ఏమయ్యా రెటో, మీ ఇంట్లో ఇప్పుడు ఆజ్ఞలు ఈవిడవేనా?"

రెటో తాడు భుజాన వేసుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. ఫ్లూరిన్ ఒక్క ఉదుటున తల్లి మీద పడి పిడికిళ్ళతో బాదాడు. "నువ్వంటే నాకు అసహ్యం! అసహ్యం!" ఉర్సీనా వాడి చేతులు పట్టుకోలేదు. అసహ్యించుకోనీ. పదహారేళ్ళు వచ్చాక కూడా అసహ్యించుకోనీ. ఇరవై ఆరేళ్ళవాడై ఎదురుగా నిలబడి మరీ తిట్టనీ. అంతకన్నా ఆమెకి కావలసిందేమీ లేదు.

గౌడెంజ్ కత్తి జేబులో వేసుకున్నాడు. "సరే. ఇద్దరమే పోతాం. పద రెటో."

"ఆగు," అంది ఆమె భర్తతో. "నువ్వూ మాతో రా. ఆయన్ని కూడా రమ్మను."

"ఆయన రాడు. ఒక్కణ్ణీ ఎలా పంపను?" అన్నాడు రెటో. మెట్లు దిగాక వెనక్కి తిరిగి, "నా చేతి తొడుగులు..." అన్నాడు.

"ఎడమ జేబులో," అంది. ఆ మాట అలవాటుగా వచ్చేసింది. కొడుకుని ఆపగలిగింది, భర్తని ఆపలేకపోయింది. ఇద్దరూ ఒకే తాడుకి కట్టుకుని వంపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. గాలి ఇంకా వేడిగానే ఉంది. ఆ వేళకి ఉండకూడనంత వేడి.

విడిది పుస్తకం గుమ్మం పక్కన అరుగు మీద ఉంటుంది. బయల్దేరేవాళ్ళు పేర్లు, ఎంతమంది, ఎటు అన్నది అందులో రాసి వెళ్తారు. ఎవరైనా చేరకపోతే వెతకడం అక్కణ్ణుంచే మొదలవుతుంది. గౌడెంజ్ నిన్న సాయంత్రమే రాసేశాడు: గౌడెంజ్, కొడుకు, మనవడు, కనుమ మీదుగా. బస్సులో పోయేవాళ్ళని ఆయన ఏనాడూ రాయలేదు. ఉర్సీనా మనవడు అన్న మాట కొట్టేసింది. కింద కొత్త వరస మొదలుపెట్టి తన పేరు, మెంగియా పేరు, ఇద్దరు పిల్లల పేర్లు రాసింది. ఎటు అన్నచోట, కిందికి అని రాసింది. తర్వాత పక్కనున్న ఖాళీలో, పనిలో ఉన్నప్పుడు రాసినట్టే రాసుకుపోయింది.

పైకి వెళ్ళినవారు ఇద్దరు. ఒకరు డెబ్బై ఒకటి, ఎర్ర కోటు. ఒకరు ముప్పై ఎనిమిది, బూడిదరంగు కోటు. ఒకే తాడు. అవతలి లోయ నుంచి సాయంత్రం నాలుగింటి లోపు ఫోను రాకపోతే, మంచు పట్టీ కింద వెతకండి.

వెనకనుంచి ఎవరో చదువుతున్నట్టనిపించి తిరిగింది. మెంగియా కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది. నోట్లో నాలుక లేని మనిషి. కోడలి మాటకి వంత పాడదు, అడ్డమూ చెప్పదు. ఇప్పుడు మాత్రం వెళ్ళేవాళ్ళ వెనక ఈ అశుభపు రాతలేమిటని తప్పకుండా అంటుందని ఉర్సీనా కలం పక్కన పెట్టింది.

మెంగియా కలం తీసి మళ్ళీ ఆమె చేతిలో పెట్టింది. వేలు అంకె మీద ఆనించింది.

"రెటోకి ఆరేళ్ళప్పుడు సాయంత్రం ఆరింటిదాకా కూర్చున్నానమ్మా అవతల, వాళ్ళింకా దిగలేదని ఎవరికీ చెప్పకుండా. చెబితే ఆయనకి కోపమొస్తుందని," అంది. "నాలుగు వద్దు. మూడని రాయి."