బల్ల మీద తేదీ

శ్మశానంలో వేయవలసిన టేకు బల్ల వడ్రంగి కొట్టులో దాదాపు సిద్ధంగా ఉంది. వీపు ఆనించే పలక మీద పెద్దన్న పేరు, పుట్టిన తేదీ, పక్కన చిన్న గోడగడియారం బొమ్మ చెక్కడం పూర్తయింది. గడియారాలు బాగుచేయడం ఆయన వృత్తి. పోయిన తేదీ ఒక్కటే మిగిలింది. పేచీ దాని దగ్గరే వచ్చింది.

శవం కనబడింది గురువారం, పద్నాలుగో తేదీన. ఆయన మేడ మీద గదిలో ఒంటరిగా ఉండేవాడు. కింది వాటా తమ్ముడిది. మెట్ల కింద సైకిలు పెట్టడం దగ్గర మొదలైన తగువుతో అన్నదమ్ములకు రెండేళ్లుగా మాటలు లేవు.

"పదకొండు వెయ్యండి," అంది వాళ్ల మధ్య పుట్టినామె. "లేవగానే క్యాలెండరు కాగితం చింపందే అన్నయ్య మొహం కూడా కడిగేవాడు కాదు. సోమవారం కాగితం అలాగే ఉంది."

"పదమూడు," అన్నాడు తమ్ముడు.

"ఎందుకురా? కింద నువ్వుండగా మూడు రోజులు పడున్నాడంటే నామోషీ, ఒక్కరోజంటే ఫర్వాలేదా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది!"

"అది కాదక్కా."

వడ్రంగి ఉలి నూరడం ఆపలేదు. "తేల్చుకు చెప్పండమ్మా. ఉమ్మి తుడిచెయ్యడానికి ఇది పలకా బలపమూ కాదు. నిజమైనా అబద్ధమైనా నా ఉలి ఒకే లోతు దిగుతుంది."

"డాక్టరే కచ్చితంగా చెప్పలేకపోయాడు," అందామె తమ్ముడితో. "నీకెలా తెలిసింది? దివ్యదృష్టా?"

అతడు బల్ల అంచును గోటితో గీశాడు.

"సోమవారం రాత్రి పైన ఏదో దబ్బున పడింది. కాసేపటికి నేల మీద తట్టడం మొదలైంది. మూడు దెబ్బలు, ఆగి మళ్లీ మూడు. నన్ను సతాయించడానికే అనుకున్నా. చీపురుకర్రతో నేనూ కిందనుంచి తిరిగి కొట్టా. మంగళవారమంతా తట్టాడు. బుధవారం సాయంత్రం ఆగింది. హమ్మయ్య అనుకున్నానక్కా."

క్యాలెండరు కాగితం ఆమె సంచిలోనే ఉంది. అది రుజువు చేసినదల్లా, మంగళవారం ఉదయం ఆయన లేచి నిలబడలేకపోయాడని మాత్రమే.

"పదమూడే వెయ్యండి," అంది, తమ్ముడి వైపు చూడకుండా.

వడ్రంగి ఉలి ఆనించి సుత్తి ఎత్తాడు. దెబ్బ పడిన ప్రతిసారీ తమ్ముడు తలెత్తి కొట్టు పైకప్పు వైపు చూశాడు.