చెడ్డ బొమ్మ ముందు

మా కెమెరా సంఘానికి ఒకటే కట్టుబాటు. నెలకోసారి నల్లగొండలో అంజన్న మామ గడియారాల దుకాణంలో కూర్చున్నప్పుడు ఎవరైనా ముందు తమ చెడ్డ బొమ్మ చూపించాలి, తర్వాతే మంచిది. అది ఎందుకు చెడిందో తెలిసినవాళ్లు చెప్పాలి. చెప్పినవాళ్లే దగ్గరుండి బాగుచేయాలి. సంఘం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఐదుగురం, ఐదు పాత కెమెరాలు. ఆడదాన్ని నేనొక్కదాన్నే.

నేను, జానమ్మను, హైదరాబాదులో రెండేళ్లు ఎక్స్‌రే పని నేర్చుకుని మిషన్ దవాఖానలో చేరాను. చీకటి గదిలో ఫిల్ము కడగడం నా ఉద్యోగం. అందుకని ఎవరి బొమ్మ పాడైనా అందరి తలలూ నావైపే తిరిగేవి. ఆ తిరగడం నాకు చాలా బాగుండేది, జంగయ్య వచ్చేదాకా.

జంగయ్య తిరుమలగిరి రైతు. పట్నంలో పాత సామాన్ల బజారులో దొరికిన డబ్బా కెమెరా అతనిది. వడ్లు పోసే అర్రలో వెలుతురు రాకుండా గోనెపట్టాలు కట్టి ఫిల్ము కడుగుతాడు. బొమ్మ తీసినప్పుడు ఎండ ఎంతుందని అడిగితే "మోస్తరుగున్నది" అంటాడు. అలాంటివాడు ఒక నెల తెచ్చిన బొమ్మలో వాళ్ల అవ్వ గోపమ్మ కందులు చెరుగుతోంది. చేటలోంచి లేచిన పొట్టు పొగలా ఉంది. ముసలామె నోరు తిట్టు మధ్యలో ఆగింది. ఆ తిట్టేమిటో కూడా నాకు తెలిసిపోయింది.

పక్కనే నా మంచి బొమ్మ పెట్టాను. దవాఖాన భవనం. గోడలు నిటారుగా, అంచులు పదునుగా వచ్చాయి. ఇసుక చల్లినట్టు సన్నటి తెల్ల చుక్కలున్నాయి కానీ అవి యుద్ధకాలపు కాగితం పుణ్యమని నేనెప్పుడో తేల్చేశాను. భవనం కదలదు కాబట్టి బాగా వచ్చిందని, అందులో నా గొప్ప ఏమీ లేదని గోపమ్మ పక్కన పెట్టాకే తెలిసింది.

"గిది నా చెడ్డ బొమ్మ," అన్నాడు జంగయ్య. "మంచిది ఇంక రాలే. గీ మచ్చ చూడు అక్కా. ఏ బొమ్మ తీసినా వస్తాంది."

గోపమ్మ తలపక్కన అణా బిళ్లంత తెల్లటి మచ్చ. అంతకుముందు తెచ్చిన బొమ్మల్లోనూ సరిగ్గా ఆ చోటే. చూడగానే నాకు అర్థమైంది. డబ్బా కెమెరా వెనక, ఫిల్ము నంబరు చూసుకోవడానికి అద్దంలాంటి ఎర్ర రేకు కిటికీ ఉంటుంది. ఆ రేకు వెలిసిపోతే వెలుతురు లోపలికి దిగుతుంది. నల్లగుడ్డ ముక్క అతికిస్తే సరి.

నోరు తెరవబోయేసరికి అంజన్న మామ సొరుగులోంచి ఒక రోలు తీసి బల్ల మీద పెట్టాడు.

"యుద్ధం అయ్యేదాక ఫిల్ము రాదంటున్నరు. గిదొక్కటే దొరికింది. ఎనిమిది బొమ్మలు. వచ్చే నెల ఎవ్వరి బొమ్మ మచ్చ లేకుంట, మంచిగుంటే వాళ్లది."

నా కెమెరా మూడు నెలలుగా ఖాళీగా ఉంది. జంగయ్య దాంట్లో ఇంకా రెండు బొమ్మలు తీసేంత ఫిల్ము మిగిలుంది. మచ్చ పోతే ఆ రోలు అతనిదే.

"నీళ్లది," అన్నాను. "మీ బావి నీళ్లల్ల ఉప్పున్నది. మంచి నీళ్లతోని కడుగు."

"గంతేనా అక్కా?"

"గంతే."

అంజన్న మామ కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి నన్ను చూశాడు. "రోగం చెప్పినోళ్లు దగ్గరుండాలె గద బిడ్డా."

"నీళ్లు మార్చనీకి నేనెందుకు మామా?" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రెండు వారాలకు మా ఇంటి ముందు జంగయ్య రాగి బిందె దించాడు. మూతికి గుడ్డ కట్టి ఉంది. మా అమ్మ పుల్లమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. కాపుల బిందె ఊరవతలి మా వాడకు నీళ్లతో రావడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"చెరువు నీళ్లు అక్కా. వానకు నిండినయ్, వడగట్టిన. మా నీళ్లే గట్లుంటే మీ నల్లగొండ నీళ్లు ఇంకెట్లుంటయో అనుకున్న. నీ బొమ్మల మీది చుక్కలు గందుకేనేమో."

"బస్సుల తెచ్చినవా గీ బిందె?"

"రోగం చెప్పినోడు మందు తేవాలె గద."

అతను వెళ్లాక అమ్మ అంది, "గింత దూరం మోసుకొచ్చిండు. నువ్వేం మేలు చేసినవే అతనికి?"

బిందె లోపలికి తీసుకుపోయాను. నా జబ్బు నాకే చెప్పాడని ఒళ్లు మండింది. తప్పని రుజువు చేద్దామని దవాఖాన భవనం నెగిటివ్‌ను ఆ నీళ్లలో నానబెట్టి, ఆరేసి, మళ్లీ అచ్చు తీశాను. ఒక్క చుక్క లేదు. రెండేళ్లు చదువుకున్నాను. ఎక్స్‌రేలో ఎముక కనబడితే చాలు కాబట్టి చుక్కల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ పట్టించుకోలేదు. అతని కోసం కల్పించిన అబద్ధం నా రోగానికి సరిగ్గా సరిపోయింది.

నెల తిరిగాక దుకాణంలో జంగయ్య, బిందె ఎక్కించనని తనతో పోట్లాడుతున్న బస్సు కండక్టరు బొమ్మ పెట్టాడు. కండక్టరు ముక్కుపుటాలు కూడా కోపంగా ఉన్నాయి. చెవి మీద అదే మచ్చ.

"నీళ్లు మార్చిన. నాకే కడగ చాతనైతలేదు," అన్నాడు. "అక్క చెప్పింది మంచిగనే చెప్పింది."

నా భవనం తళతళలాడుతోంది. అంజన్న మామ రోలును నావైపు జరిపాడు. చెయ్యి చాచాను కూడా. జంగయ్య ఆ చివరి మాట అనకపోతే తీసుకునేదాన్నే.

"నీళ్ల మచ్చ ఎప్పటికి ఒక్క జాగల కూసోదు," అన్నాను. "నీ కెమెరా ఇటియ్యి."

వెలిసిన రేకు మీద, ఎక్స్‌రే ఫిల్ము చుట్టివచ్చే నల్లకాగితం మడతపెట్టి అతికించాను. నంబరు చూసినప్పుడే ఎత్తి మళ్లీ మూయమన్నాను.

"పోయిన నెల ఎర్క లేదా బిడ్డా?" అడిగాడు అంజన్న మామ.

"ఎర్కే."

"మరి?"

"కడుపుమంట."

జంగయ్య నిజంగానే అర్థంకాక చూశాడు. "నా మచ్చల బొమ్మలను చూసి నీకు కడుపుమంటేంది అక్కా?"

"గది కూడ నీకు ఎర్క లేకపాయె. గదే నా మంట."

రోలు అతనివైపు నెట్టాను. దయ అనుకోకండి. నా దగ్గర ఉంటే ఎనిమిది భవనాలు అయ్యేవి.

తర్వాతి నెల ఎనిమిది బొమ్మలు వరసగా పరిచాడు. ఒక్కదాంట్లో మచ్చ లేదు. అంజన్న మామ గడియారాలు పక్కకు జరిపి చోటు చేశాడు. జంగయ్య మాత్రం తల గోక్కుంటూ నా పక్కకు వంగాడు.

"అక్కా, కట్టుబాటు ప్రకారం ముందు చెడ్డది పెట్టాలె. నాకాడ ఒక్కటి గూడ లేదు. నీకాడుంటె ఒకటియ్యి."

నా సంచిలో నాలుగున్నాయి. వెతికి వెతికి అన్నిట్లోకీ తక్కువ చెడ్డది ఇచ్చాను.