నల్ల ఉండల నోటీసు

నేను ఒక పగబట్టిన యంత్రాన్ని. నన్ను సైక్లోస్టైల్ మిషను అనేవారు. ఇనుముకు పగేమిటని నవ్వుతారేమో, నవ్వండి. నా కథ విన్నాక కూడా నవ్వొస్తే అప్పుడు చూద్దాం.

కలకత్తాలో ఒక కార్ఖానాలో పుట్టాను. నాకన్నా ముందు ఆఫీసుల్లో కార్బన్ కాగితాలదే రాజ్యం. టైపిస్టు వేళ్లు నొప్పెట్టేలా బాదినా అన్నిటికన్నా అడుగున ఉన్న కాపీ కనపడీ కనపడకుండా ఉండేది. అది ఎవరి చేతిలో పడితే వాళ్లు తమకు నచ్చినట్టు చదువుకునేవారు. నేను వచ్చాక ఆ ఆటలు సాగలేదు. మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద రాసి, నా డ్రమ్ముకు తగిలించి, పిడి పట్టుకుని తిప్పితే చాలు. మొదటి కాగితం ఎలా ఉంటుందో ఆఖరిదీ అలాగే ఉంటుంది. విశాఖపట్నంలో ఓ ఓడల కంపెనీ కొన్నాళ్లు నన్ను వాడుకుని వేలం వేస్తే, ఓ జూట్ మిల్లు కార్మికుల యూనియను పాడుకుంది. అలా నేను పైడితల్లి చేతికొచ్చాను.

పైడితల్లి మిల్లులో నూలు చుట్టే ఖాతాలో, అంటే ఆ విభాగంలో, పనిచేసేది. షిఫ్టు దిగగానే, జనుపపీచు తలలో ఉండగానే, యూనియను పాకలోకి వచ్చి కూర్చునేది. ఇంగ్లీషుకైతే టైపు మిషను ఉంది. తెలుగు స్టెన్సిలు మాత్రం మా దగ్గర చేత్తో, ఇనుప మొన కలంతో రాయాల్సిందే. అక్కడే ఉంది అసలు తంటా. మన అక్షరాలన్నీ గుండ్రాలు కదా. గుండ్రాన్ని నొక్కి పూర్తిగా చుట్టేశారంటే ఆ మైనపు కాగితం బిళ్లలా ఊడిపోతుంది. ఆ కన్నంలోంచి సిరా పొంగి, అక్షరం ఉండాల్సిన చోట నల్లటి ఉండ పడుతుంది. ఎందరో రాయబోయి చేతులెత్తేశారు. పైడితల్లి మాత్రం గుండ్రం చుట్టుకుంటూ వచ్చి, కలిసేచోట వెంట్రుకవాసి వదిలేసి కలం ఎత్తేది. చదివేవాళ్లకు ఆ సందు కనిపించదు. ఆవిడ రాతకు, నా అచ్చుకు మిల్లు మిల్లంతా దాసోహం.

ఆవిడ మొగుడు గవరయ్య యూనియను కార్యదర్శి. బోనసు గొడవ ముదిరినప్పుడు మేనేజరు పాక మీదికి మనుషుల్ని పంపాడు. వాళ్లు బల్లలు విరగ్గొట్టారు. నా పిడిని ఊడబెరికి, దాంతోనే గవరయ్య మోకాలు చితక్కొట్టారు. ఎన్నో కరపత్రాలు తిప్పిన పిడి అది! ఆ దెబ్బ చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంది. తరవాత నన్ను లారీలో వేసి మేనేజరు ఆఫీసుకు మోసుకుపోయి, వంగిన ఆ పిడినే మళ్లీ బిగించారు. పైగా కేసు పెట్టింది గవరయ్య మీద! ఆ రోజే పగబట్టాను. కానీ యంత్రం ఏం చేయగలదు? ఎవరు తిప్పితే వాళ్ల మాట పలకాలి. అంతకన్నా పాడు బతుకు ఇంకోటి లేదు.

కొన్నాళ్లకి మేనేజరుకు మిల్లు మూసి కార్మికుల కడుపులు మాడ్చాలన్న బుద్ధి పుట్టింది. పాత ఒప్పందం ఒకటి అడ్డొచ్చింది. మూసేముందు కార్మికులందరూ చదవగలిగేలా తెలుగులో నోటీసు అంటించాలి. లేదంటే మూసిన రోజులకూ కూలి ఇచ్చుకోవాలి. మేనేజరుకు తెలుగు ముక్క చదవడం రాదు. గుమస్తాలు స్టెన్సిలు రాయబోయి కాగితాలు చింపుకున్నారు. చివరికి పైడితల్లిని పిలిపించాడు. నోటీసు రాసిపెడితే గవరయ్య మీద కేసు ఎత్తేస్తానన్నాడు.

"రాస్తాను బాబూ" అంది పైడితల్లి.

నా ఒళ్లు మండిపోయింది. నాకే అలా ఉంటే కార్మికుల మాట చెప్పాలా? ఆవిడ ఆఫీసు మెట్లెక్కుతుంటే, మిల్లులో ఆవిడ పక్క మిషను మీద పనిచేసే అప్పయ్యమ్మ గేటు దగ్గర కాండ్రించి ఉమ్మింది. "మొగుడి కాలిరగ్గొట్టినోడి కాడికే ఎల్తన్నావేటే! అమ్ముడుపోనావే, సిగ్గునేదూ!" అని అందరూ వినేలా అరిచింది.

పైడితల్లి లోపలికొచ్చి కలం పట్టింది. మొదటి అక్షరం రాస్తుండగానే నాకు తెలిసిపోయింది. గుండ్రం చుట్టింది, నొక్కింది, మూసేసింది. రెండోదీ మూసేసింది. కసిదీరా, పళ్లు బిగించి, ఒక్క సున్నాకి కూడా సందు లేకుండా నోటీసంతా రాసింది. తనే డ్రమ్ముకు తగిలించి తనే తిప్పింది. ఆ వంకర పిడి అంత హాయిగా ఎప్పుడూ తిరగలేదు. ఉన్న సిరానంతా కక్కాను. కాగితం నిండా నల్లటి ఉండలు బారులు తీరాయి.

మేనేజరు ఒక కాగితం తీసి వెలుగులో పెట్టి చూశాడు. ఆయన కంటికి తెలుగంటే ఎప్పుడూ ఉండల వరసే. "బాగా గుండ్రంగా వచ్చింది. ఏమంటారు?" అని హెడ్డు గుమస్తా సన్యాసిరావుని అడిగాడు. సన్యాసిరావు కాగితం చూశాడు, పైడితల్లిని చూశాడు. ఆయన తమ్ముడు ఈ మిల్లులోనే మగ్గాల ఖాతాలో పనిచేస్తాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకుని, "దివ్యంగా ఉందండి" అన్నాడు.

నోటీసులు గేటుకు అంటించారు, మిల్లు మూశారు. తగవు లేబర్ ఆఫీసరు దగ్గరికి వెళ్లింది. ఆయన ఆ కాగితం చదవబోయి, తిప్పి చూసి, మేనేజరుకే ఇచ్చి చదవమన్నాడు. మేనేజరు సన్యాసిరావుకి ఇచ్చాడు. సన్యాసిరావు కళ్లజోడు పెట్టుకుని, తీసి, "నా కంటికి ఆనడం లేదండి" అన్నాడు. ఎవరూ చదవలేనిది నోటీసు కాదని, మూసిన రోజులన్నిటికీ కూలి చెల్లించి మిల్లు తెరవమని ఆఫీసరు తేల్చేశాడు. ఆ కబురు ఆఫీసుకు చేరిన పూట మేనేజరు మొహం చూసి నా కడుపు చల్లబడింది.

కార్మికులు పండగ చేసుకున్నారు. పాత మిషను పాడై తమను కాపాడిందని నాకు పసుపు రాస్తామన్నారు. పైడితల్లిని మాత్రం దగ్గరికి రానివ్వలేదు. ఆవిడ నోరు విప్పలేదు. కావాలనే చెడగొట్టిందని బయటపడితే కంపెనీ మళ్లీ తగవుకెళ్లి ఆ కూలి ఆపించేది. అందుకని అమ్ముడుపోయిందన్న పేరు మోస్తూనే పనికొచ్చి వెళ్లేది. చేతికందిన కూలి లెక్కపెట్టుకుంటూ ఆవిణ్ణి చూసి మొహం తిప్పుకునేవాళ్లంటే నాకు మేనేజరు మీదకన్నా ఎక్కువ మంట.

తప్పు నాదేననుకున్న మేనేజరు జిరాక్స్ మిషను తెప్పించాడు. కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టారు. దానికి పిడి లేదు, స్టెన్సిలు లేదు, ఒళ్లు వంచే పనే లేదు. అద్దం మీద ఏది పెడితే దాన్ని నీతీ జాతీ లేకుండా దించేస్తుంది. నన్ను పాత ఇనుము కింద కొనడానికి వచ్చిన మెకానిక్కు ఊరికే ఓ స్టెన్సిలు తగిలించి తిప్పి చూశాడు. అచ్చు శుభ్రంగా పడింది. ఆ నల్ల ఉండల నోటీసు కూడా చూసి, "మిషనుకేం రోగం లేదు సార్, రాసినోళ్లు కావాలనే గుండ్రాలు మూసేసుంటారు" అన్నాడు. మేనేజరుకు తల తిరిగింది. అప్పటికి కూలి పంచడం అయిపోయింది, అప్పీలుకు గడువూ దాటిపోయింది. ఇక మిగిలింది పైడితల్లి మీద కసి ఒక్కటే.

మర్నాడు నన్ను బండికెత్తారు. గేటు దగ్గర జనం అడ్డుగా ఉండటంతో బండి ఆగింది. గేటు మీద కొత్త జిరాక్స్ కాగితం అంటించి ఉంది. ఒక్క అక్షరం చెదరలేదు. మేనేజరు ఈసారి తెలుగును ఎదురుగా చదివించుకుని మరీ సంతకం పెట్టాడట. మూసివేత నోటీసును ఎవరూ చదవలేనట్టు కావాలని చెడగొట్టి, కంపెనీకి నష్టం తెచ్చినందుకు పైడితల్లిని పనిలోంచి తీసేశామని అందులో ఉంది. ఒకడు పైకి చదివాడు. చదివి, ఇంకోసారి చదివాడు.

పైడితల్లి కాస్త దూరంగా టిఫిను క్యారియరు పట్టుకుని నిలబడి ఉంది. అప్పయ్యమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడింది. "ఒలమ్మా, నా నోట్లో మన్నడిపోనూ! నిన్ను ఎంత మాటన్నానే!"

"అన్నావు. అందరూ అన్నారు" అంది పైడితల్లి. "నాను మర్సిపోను. లెగు, బండికి దారియ్యి."